క్రాంక్ వెనక ఆయిల్ సీల్ మళ్లీ మళ్లీ కారుతుంటే: గేర్‌బాక్స్ నాలుగోసారి దింపే ముందు

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. 2005 మోడల్ మారుతి జెన్, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు నుంచి ఆయిల్ కారుతోంది. ఏడాదిన్నరలో మూడుసార్లు గేర్‌బాక్స్ దింపించి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ఇరుసు) వెనక కొసన ఆయిల్‌ని ఆపే రబ్బరు వలయం, అంటే ఆయిల్ సీల్, మార్పించారు. ప్రతిసారీ నెలో రెండు నెలలో బాగుండి మళ్లీ మొదలవుతోంది. ఒక మెకానిక్ ఇంకో సీల్ వేద్దామంటున్నారు, ఇంకొకరు ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వద్దు. మంచి సీల్‌ని సరిగ్గా బిగిస్తే లక్ష కిలోమీటర్లు నిలవడం పెద్ద విషయం కాదు. ఒక సీల్ రెండు నెలల్లో పోయిందంటే ఆ సీల్ చెడ్డదని అనుకోవచ్చు. మూడు వరసగా పోయాయంటే తప్పు సీల్‌లో లేదు, దాని చుట్టుపక్కల ఉంది. ఆ తప్పేమిటో తేలకుండా నాలుగోది వేసినా దానికీ అదే గతి. సంతోషించాల్సింది ఏమిటంటే, ఆ తప్పుని వెతకడంలో ముప్పావు వంతు పని గేర్‌బాక్స్ కదపకుండానే చేయొచ్చు.

ముందు ఆ సీల్ మీద ఎంత భారం ఉందో చూడండి. క్రాంక్‌షాఫ్ట్ చివర సీల్ ఆనే చోట వ్యాసం 80 మి.మీ. అనుకుందాం. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర ఉన్నప్పుడు షాఫ్ట్‌కి ఆనే సీల్ లోపలి అంచు, అంటే పెదవి, కింద ఇనుము సెకనుకు 25 మీటర్ల చొప్పున, అంటే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో జారిపోతుంటుంది. అది కూడా కాగిన ఆయిల్‌లో. ఆ పెదవికీ షాఫ్ట్‌కీ మధ్య మైక్రాన్ మందంలో ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర పూర్తిగా ఎండిపోతే రబ్బరు కాలిపోతుంది, మందమైతే కారుతుంది. సరిగ్గా కూర్చున్న సీల్ తిరిగేటప్పుడు, బయటికి రాబోయే ఆయిల్‌ని తానే లోపలికి నెట్టుకుంటూ ఉంటుంది. ఇంత సున్నితమైన సమతూకం చెడడానికి వెంట్రుకంత గీత చాలు, కాస్త అదనపు గాలి ఒత్తిడి చాలు.

ఇక మొదటి ప్రశ్న. ఆయిల్ నిజంగా ఆ సీల్ నుంచే వస్తోందా? మూడుసార్లు విప్పినవాళ్లలో ఎవరైనా దీన్ని రుజువు చేసి చూపించారా? మీరు రాసినదాన్ని బట్టి చూపించలేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కారితే చాలామంది వెంటనే వెనక సీల్ పేరు చెప్పేస్తారు. కానీ పైన ఎక్కడ ఆయిల్ ఊరినా చివరికి దిగేది ఆ సందులోకే. ఇంజిన్ పై మూత (ట్యాపెట్ కవర్) ప్యాకింగ్ గేర్‌బాక్స్ వైపు మూలలో వదిలినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఊరుతున్నా, కింద ఆయిల్ నిలిచే చాంబర్ అతుకు విడిచినా తడి కనిపించేది అక్కడే. ఈ తరం మారుతి ఇంజిన్లలో నేను అన్నిటికంటే ముందు అనుమానించేది కామ్‌షాఫ్ట్ చివర, గేర్‌బాక్స్‌కి సరిగ్గా పైన ఉండే డిస్ట్రిబ్యూటర్ లేదా సెన్సర్ కేసు. దాని ఓ-రింగ్ (రబ్బరు చుట్టు) గట్టిపడి పగిలిపోతుంది. ఆయిల్ అప్పుడు ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, వెనక నుంచి సన్నగా జారి, నేరుగా బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ డొప్ప) అతుకులోకి దిగి కింద చుక్క కడుతుంది. కింద నుంచి చూసినవాడికి అది అచ్చం వెనక సీల్ లీకేజీలాగే కనిపిస్తుంది. చేతితో తడిమి చూడండి. ఆ కేసు కింది అంచు తడిగా ఉంటే, ఏమీ ఆలోచించకుండా ముందు ఆ ఓ-రింగ్ మార్చేయండి. చాలా చిన్న ఖర్చు.

ఇంట్లోనే గమనించగలిగింది ఇంకొకటి ఉంది. బండి సమంగా ఉన్న నేల మీద ఉన్నప్పుడు చాంబర్‌లో ఆయిల్ మట్టం క్రాంక్ సీల్ కంటే కిందే ఉంటుంది. అందుకే వెనక సీల్ ఎక్కువగా కారేది ఇంజిన్ నడుస్తున్నప్పుడే. బండి ఆపాక బెల్ హౌసింగ్‌లో మిగిలింది కాసేపు చుక్కలు పడి ఆగిపోతుంది. రాత్రంతా నిలబెట్టిన బండి కింద ఉదయానికి మరక పెరుగుతూ పోయిందంటే ఆయిల్ మట్టం కంటే కింద ఉన్న చోటు, అంటే చాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు లాంటివి చూడాలి. బండి కింద అట్టముక్క పరిచి, ఆపిన గంటకు ఒకసారి, తెల్లవారాక ఒకసారి ఫోన్‌లో ఫోటో తీయండి.

తర్వాత కడగాలి. ఇంజిన్ చుట్టూ, ముఖ్యంగా హెడ్ వెనక, గేర్‌బాక్స్ పైభాగం, చాంబర్ అంచులు డిగ్రీజర్‌తో గానీ కిరోసిన్, బ్రష్షుతో గానీ శుభ్రంగా కడిగించండి. ఇంజిన్ చల్లారాకే ఈ పని చేయాలి. డిస్ట్రిబ్యూటర్, కనెక్టర్ల మీద పాలిథిన్ కవర్ కట్టాలి. పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న చోటల్లా మామూలు టాల్కమ్ పౌడర్ చల్లండి. పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చి టార్చి వేసి చూస్తే ఆయిల్ దారి తెల్ల పౌడర్ మీద ముదురు గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట పైకి వెళ్లండి. ఎక్కడైతే దాని పైన ఇక తడి లేదో అదే లీకేజీ చోటు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఇంజిన్ ఆయిల్‌లో కలిపే అల్ట్రావయొలెట్ డై దొరుకుతుంది. డై కలిపి ఒకటి రెండు రోజులు తిప్పి, చీకట్లో యూవీ టార్చి వేస్తే ఆయిల్ పసుపుపచ్చగా మెరుస్తుంది. ఫోన్‌కి తగిలించే సన్నని ఎండోస్కోప్ కెమెరా ఉంటే, బెల్ హౌసింగ్ కింద ఉండే రేకు విప్పి ఫ్లైవీల్ (క్రాంక్ కొసన ఉండే బరువైన చక్రం) వెనక వైపు కూడా చూడొచ్చు.

కారుతున్నది ఇంజిన్ ఆయిలా, గేర్ ఆయిలా అన్నది కూడా తేల్చుకోండి. గేర్ ఆయిల్‌కి గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే తెలిసిపోతుంది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయినా అదే బెల్ హౌసింగ్‌లోంచి కారుతుంది. దానికి ఇంజిన్ సీల్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం ఉండదు.

పౌడర్ పరీక్షలో పైన ఎక్కడా తడి లేదు, నిజంగా బెల్ హౌసింగ్ లోపలి నుంచే ఇంజిన్ ఆయిల్ వస్తోందని తేలిందనుకుందాం. అప్పుడు నేను చూసేది ఇంజిన్ లోపలి ఒత్తిడి. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. నా అనుభవంలో మళ్లీ మళ్లీ పోయే సీళ్ల వెనక ఎక్కువసార్లు దొరికిన దోషి ఇదే, అందరూ ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా మండిన గాలి కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి, క్రాంక్‌కేసులోకి దిగుతుంది. ఆ గాలిని బయటికి పంపే ఏర్పాటే పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపులు. ట్యాపెట్ కవర్ నుంచి ఒక పైపు వాల్వు మీదుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్తుంది, ఇంకొకటి ఎయిర్ క్లీనర్‌కి వెళ్తుంది. ఈ దారి మూసుకుపోతే లోపలి గాలి సీళ్లనీ ప్యాకింగులనీ నెట్టుకుని బయటపడుతుంది. కుక్కర్ వెయిట్ కింద గొట్టంలో మెతుకు అడ్డుపడితే ఆవిరి గాస్కెట్ పక్కనుంచి తన్నుకొస్తుంది కదా, అలాగే. గాస్కెట్ కొత్తది వేసినా మెతుకు తీయకపోతే వంట అవదు.

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై ఆయిల్‌తో కలిసి తెల్లటి జిడ్డుగా మారి ఈ పైపుల్లో పేరుకుంటుంది. మీది ఎక్కువగా స్కూలు, కూరగాయల మార్కెట్ వరకే వాడే బండి అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. ఆయిల్ క్యాప్ విప్పి లోపలి వైపు చూడండి. గ్యాస్ కిట్ బిగించిన బండ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. కిట్ అమర్చేటప్పుడు బ్రీదర్ పైపు నలిగిపోవడం, లేదా అసలు దాన్ని తీసేసి బోల్టు పెట్టి మూసేయడం నేను చూశాను. ఇంకొన్ని చోట్ల అసలు పైపు చిరిగితే ఏదో మెత్తటి పైపు ముక్క తగిలిస్తారు. అది చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కాక పీల్పుకి నొక్కుకుపోయి మూసుకుపోతుంది. కాబట్టి ఇంజిన్ వేడిగా నడుస్తున్నప్పుడు కూడా పైపుల్ని చూడాలి.

వాల్వుని విప్పి చెవి దగ్గర ఊపితే లోపల టకటక శబ్దం రావాలి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా మానిఫోల్డ్ వైపు పైపుకే తగిలించి ఉంచి, వాల్వు ఇవతలి మూతికి వేలు అడ్డం పెడితే పీలుస్తున్నట్టు తెలియాలి. శబ్దం లేకపోయినా, పీల్పు లేకపోయినా కొత్తది వేయండి. కడిగి పెట్టడం నాకు నచ్చదు. లోపలి స్ప్రింగు బలం పోయిందో లేదో కంటికి కనిపించదు, వాల్వు ఖరీదు కూడా గేర్‌బాక్స్ ఒకసారి దింపే కూలితో పోలిస్తే లెక్కలోది కాదు. వాల్వుకి గాలి వెళ్లే దిశ ఉంటుంది, తిరగేసి బిగించకుండా చూసుకోండి.

వాల్వు, పైపులు సరిచేశాక ఒత్తిడి నిజంగా తగ్గిందో లేదో కొలవాలి. తేలిక పద్ధతి, ఐడ్లింగ్‌లో ఆయిల్ క్యాప్ తీసి ఆ రంధ్రం మీద పలుచని కాగితం పెట్టడం. కాగితం మెల్లగా లోపలికి అంటుకుంటే మంచిది. ఎగిరిపోతే, పొగ ఊదుతుంటే లోపల ఒత్తిడి ఉందన్నమాట. కానీ నేను కాగితంతో ఆగను. మేస్త్రీలు గోడ లెవెల్ చూసే పారదర్శక ట్యూబు ఉంటుంది కదా, అది రెండు గజాలు తెచ్చుకోండి. చెక్క మీద ఆంగ్ల అక్షరం ‘యూ’ ఆకారంలో, ఒక్కో కొమ్ము రెండడుగుల ఎత్తు ఉండేలా కట్టి సగం వరకు రంగు నీళ్లు పోయండి. ఒక పాత ఆయిల్ క్యాప్‌కి రంధ్రం చేసి నిపుల్ బిగించి ట్యూబు ఒక కొసను దానికి తగిలించండి, రెండో కొస తెరిచే ఉంచండి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టానికి తగిలించడం ఇంకా సులువే గానీ, కొన్ని ఇంజిన్లలో ఆ గొట్టం ఆయిల్‌లో మునిగి ఉంటుంది, లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఇంజిన్ వేడిగా, ఐడ్లింగ్‌లో ఉండగా నీళ్లు ఇంజిన్ వైపు కొమ్ములో పైకి లేవాలి. ఒకటి రెండు అంగుళాల తేడా వచ్చినా చాలు, లోపల కొద్దిపాటి పీల్పు ఉందని అర్థం. మెల్లగా 3000 ఆర్‌పీఎం వరకు తీసుకెళ్లండి. నీళ్లు తెరిచి ఉన్న కొమ్ము వైపు ఎక్కుతుంటే, లోపల పుట్టే గాలిని ఆ ఏర్పాటు మోయలేకపోతోంది. హైవే మీద వెళ్లొచ్చిన రోజే ఎక్కువ కారుతోందని మీరు రాశారు. అది దీనికి సరిపోయే లక్షణమే. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి ఉందా, డిప్‌స్టిక్ దానంతట అదే పైకి లేచి ఉంటోందా, క్రాంక్ ముందు కొసన పుల్లీ వైపు సీల్ కూడా చెమ్మగా ఉందా అన్నవి చూడండి. ఒక్క సీల్ ఒక్కటే కారితే ఆ చోట లోపం. నాలుగైదు చోట్ల ఒకేసారి తడి కనిపిస్తే ఒత్తిడి.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా ఉంది. కొన్ని కొత్త టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఈ వాల్వు లోపలి డయాఫ్రం చిరిగితే పీల్పు మరీ ఎక్కువై సీల్ పెదవిని లోపలికి లాగేస్తుంది. ఈల వేసినట్టు శబ్దం వస్తుంది, ఆయిల్ క్యాప్ లాగినా ఊడదు. మీ జెన్‌కి ఇది వర్తించదు, ఇలాంటి సమస్యతోనే ఇంకో బండి ఉన్నవాళ్ల కోసం చెప్తున్నాను.

బ్రీదర్ దారి అంతా బాగుండి కూడా నీళ్లు బయటికే నెడుతుంటే రింగులు, బోరు అరిగాయేమో చూడాలి. కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లూ కొలిపించండి. ఈ తరహా పెట్రోల్ ఇంజిన్లో చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కేజీల మధ్య, నాలుగూ దగ్గర దగ్గరగా రావాలి. ఏదైనా బాగా తగ్గితే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే హెడ్‌లోని వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ గానీ. ఇంజిన్ విప్పాలన్న మెకానిక్ మాట నిజమయ్యే ముఖ్యమైన సందర్భం ఇదే. ఈ కొలత లేకుండా ఇంజిన్ విప్పించుకోకండి.

గేర్‌బాక్స్ కదపక ముందే చూడాల్సింది ఇంకోటి, క్రాంక్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతోందన్నది. ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు క్రాంక్ పుల్లీని గమనించాలి. కంటికి కదలిక స్పష్టంగా కనిపిస్తే అది ఎక్కువే. సరిగ్గా తెలియాలంటే పుల్లీకి సన్నని కదలికలు కొలిచే డయల్ గేజి ఆనించాలి. చాలా పెట్రోల్ ఇంజిన్లలో కొత్తగా ఉన్నప్పుడు ఈ ఆట 0.1 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉంటుంది. 0.4 దాటిందంటే మధ్య మెయిన్ బేరింగ్ దగ్గర ఉండి ఈ ఆటని ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. అప్పుడు క్లచ్ తొక్కిన ప్రతిసారీ షాఫ్ట్ సీల్ పెదవి కింద ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది, ఏ సీలూ నిలవదు. అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల సిగ్నల్ దగ్గర క్లచ్ మీదే కాలు పెట్టి నిలబడే అలవాటు ఈ వాషర్లని త్వరగా తినేస్తుంది. గేర్ న్యూట్రల్ చేసి కాలు తీసేయడం బండికి మంచిది, మోకాలికీ మంచిదే.

ఈ పరీక్షలన్నీ అయ్యాకే గేర్‌బాక్స్ దింపించండి. ఆ రోజు మీరు షాపులో ఉండండి. దింపగానే ఎవరూ గుడ్డ పట్టుకోకముందే, ఏదీ తుడవకముందే ఫోటోలు తీయాలి. ఇది నేను పట్టుబట్టి అడుగుతున్న విషయం. తుడిచేస్తే సాక్ష్యం పోతుంది. క్లచ్ వైపు, గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ తడి ఉంటే గేర్‌బాక్స్ సీల్. ఫ్లైవీల్‌కి ఇంజిన్ వైపున సీల్ కింది నుంచి మొదలై చుట్టూ చిమ్మినట్టుంటే క్రాంక్ సీల్. సీల్‌కి పైనుంచే బ్లాక్ మీద గీతలా దిగి ఉంటే హెడ్ వైపు నుంచి వచ్చింది. ఫ్లైవీల్ మధ్యలో బోల్టుల దగ్గర నుంచి మొదలైతే బోల్టు మరల గుండా వచ్చింది. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు రంధ్రాలు లోపలి దాకా తెరిచి ఉంటాయి. అలాంటి వాటిలో మరలకి సీలెంట్ రాయకుండా బిగిస్తే ఆయిల్ ఆ మర వెంటే నడిచి వస్తుంది. ఊడదీసిన బోల్టు మరలు ఆయిల్‌తో తడిసి ఉన్నాయా అని చూడండి.

సీల్ తీయడం దగ్గరే చాలా షాఫ్టులు పాడవుతాయి. స్క్రూడ్రైవర్ గుచ్చి తన్ని లేపుతారు, దాని కొన షాఫ్ట్ మీద అడ్డంగా గీత పెడుతుంది. ఆ గీత ఆయిల్‌కి దారి. మీ బండికి మూడుసార్లు ఈ పని జరిగింది కాబట్టి షాఫ్ట్‌ని మంచి వెలుతురులో, వేలితో తడుముతూ చూడాలి. గోరుతో అడ్డంగా గీకండి. పాత సీల్ పెదవి తిరిగిన చోట గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. అదే గాడిలో కొత్త సీల్ పెదవి కూర్చుంటే పట్టు ఉండదు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ కారడానికి ఇది చాలా మామూలు కారణం.

గాడి లోతు లేకపోతే, హౌసింగ్‌లో చోటుంటే కొత్త సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందో వెనకో కూర్చోబెట్టి పెదవిని గాడి లేని చోటికి జరపవచ్చు. లోపల ఆయిల్ తిరిగి వెళ్లే రంధ్రం ఉంటే మాత్రం అది మూసుకోకూడదు. గాడి లోతుగా ఉంటే స్లీవ్ వేయించండి. ఎస్‌కేఎఫ్ వాళ్ల స్పీడీ స్లీవ్ లాంటివి 0.28 మి.మీ. మందపు స్టీల్ తొడుగులు. అంత పలుచన కాబట్టి సీల్ సైజు మార్చక్కర్లేదు. షాఫ్ట్ వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గ నంబరు తెప్పించాలి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగుల షాపుల్లో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. ఎమరీ కాగితం పెట్టి గాడిని సాఫీ చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎమరీని పక్కలకి జరుపుతూ రుద్దితే షాఫ్ట్ మీద కంటికి కనిపించని మరలాంటి గీతలు పడతాయి, షాఫ్ట్ తిరిగేకొద్దీ ఆ మర ఆయిల్‌ని బయటికి తోడుతుంది. పైన తుప్పు చుక్కలు తీయడానికి బాగా సన్నని కాగితంతో, షాఫ్ట్ తిరిగే దిశలోనే, పక్కకి జరపకుండా రుద్దడం వరకే సరి.

తర్వాత హౌసింగ్. ఈ ఇంజిన్లలో వెనక సీల్ ఒక విడి అల్యూమినియం హౌసింగ్‌లో కూర్చుంటుంది, దాని వెనక పలుచని ప్యాకింగ్, కింద చాంబర్. హౌసింగ్ విప్పకుండా సీల్ ఒక్కటే కొట్టి దించితే ఆ ప్యాకింగ్ లీకేజీ అలాగే ఉంటుంది. హౌసింగ్ విప్పితే కింద చాంబర్ అతుకు కదులుతుంది, అక్కడ మళ్లీ సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే కొత్త లీకేజీ మొదలవుతుంది. రెండు చోట్లా ఆయిల్ కనిపించేది ఒకే చోట. కాబట్టి ఈసారి హౌసింగ్ విప్పించి, టేబుల్ మీద పెట్టి సీల్ బిగించి, కొత్త ప్యాకింగ్‌తో అమర్చండి. ప్యాకింగ్ అంచు కింద చాంబర్ ఆనే ముఖం కంటే బయటికి పొడుచుకొస్తే పదునైన బ్లేడుతో సమంగా కోసేయాలి. ఆ చిన్న ముక్క వల్ల చాంబర్ ఒక వెంట్రుక మందం ఎత్తులో కూర్చుని మూలలో కారుతుంది. చాంబర్ కూడా దింపి పాత సీలెంట్ మొత్తం గీకి కొత్తది పెట్టించగలిగితే మరీ మంచిది. సీలెంట్ సన్నని తీగలా ఒక్క వరస చాలు. ముద్దలు ముద్దలుగా పూస్తే లోపలికి పిండుకున్నది తెగి ఆయిల్ పంపు జాలీలో ఇరుక్కుంటుంది. లీకేజీ ఆపబోయి ఇంజిన్ బిగుసుకుపోయేలా చేసుకున్నవాళ్లు ఉన్నారు.

సీల్ కొనేటప్పుడు సైజు ఒక్కటే చూడకండి. షాపులో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కలిస్తే చాలని ఇచ్చేస్తారు. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల వరకే సుఖంగా ఉంటుంది, దాని పెదవి తట్టుకునే వేగం కూడా సెకనుకు 12-14 మీటర్ల దగ్గర ఆగుతుంది. పైన మనం లెక్కవేసింది 25 మీటర్లు. నీళ్ల మోటారుకి, గేర్‌బాక్సుకి చక్కగా పనిచేసే సీల్ ఇక్కడ గట్టిపడి పెళుసెక్కి పోతుంది. యాక్రిలిక్ రబ్బరు 150 డిగ్రీల దాకా, వైటాన్ 200 దాకా ఓర్చుకుంటాయి. వైటాన్ గోధుమ రంగులో ఉంటుందని రంగు చూసి నమ్మొద్దు, రంగు ఎవరైనా వేయొచ్చు. కంపెనీ పార్ట్ నంబరుతో, బిల్లుతో కొనండి. పెదవి లోపల ఏటవాలు గీతలుంటే ఆ సీల్‌కి తిరిగే దిశ ఉంటుంది, బాణం గుర్తు చూడండి. దిశ తప్పితే అది ఆయిల్‌ని లోపలికి నెట్టే బదులు బయటికి తోడుతుంది. మీ పాత సీళ్లు మూడూ షాపులో ఉంటే తెప్పించుకోండి. పెదవి ఒక పక్కే అరిగితే వంకరగా కూర్చుంది, చుట్టూ గట్టిపడితే వేడికి చాలని రబ్బరు, చిన్న స్ప్రింగు ఊడిపోయి ఉంటే కొట్టేటప్పుడే పోయింది.

బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి. సుత్తితో ఒక మూల ఒక మూల కొట్టకుండా, సీల్ వ్యాసానికి సరిపోయే గుండ్రటి ముక్కతో చుట్టూ సమంగా నొక్కాలి. అలాంటిది లేకపోతే లేత్ షాపులో నైలాన్ ముక్క తిప్పించుకోవచ్చు. రబ్బరు పెదవి సీల్‌కి పెదవి మీద ఇంజిన్ ఆయిల్ రాసి ఎక్కించాలి. తెల్లగానో బూడిద రంగులోనో ఉండే టెఫ్లాన్ పెదవి రకమైతే దీనికి సరిగ్గా వ్యతిరేకం. షాఫ్ట్, పెదవి రెండూ పొడిగా ఉండాలి, దానితో వచ్చే ప్లాస్టిక్ గైడు వాడాలి, బిగించాక నాలుగు గంటలైనా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ఈ రెండు రకాల తేడా తెలియకుండా బిగించిన కొత్త సీళ్లు మొదటి రోజే కారిన సందర్భాలు చాలా ఉన్నాయి.

గేర్‌బాక్స్ ఎక్కించే ముందు ఇంజిన్‌కీ దానికీ మధ్య ఉండి రెంటినీ సూటిగా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయా అని చూడండి. పలుమార్లు దింపిన బండ్లలో ఒకటి పోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే గేర్‌బాక్స్ ఒక వెంట్రుక పక్కకి కూర్చుని, క్లచ్ అదరడంతో పాటు క్రాంక్ చివర కూడా ఊగుతుంది. క్లచ్ ప్లేటు ఆయిల్ పీలిస్తే పెట్రోల్‌తో కడిగి వాడొద్దు, వేడెక్కాక ఆయిల్ మళ్లీ ఊరి క్లచ్ జారుతుంది. ఫ్లైవీల్ బోల్టులు, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితోనే బిగించమనండి.

ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మొత్తం ఒంపేయకుండా డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఆపాలి. లీకేజీ ఆపుతాయని అమ్మే మందులు పాత గట్టిపడిన రబ్బరుని కొంచెం ఉబ్బిస్తాయి. నెమ్మదిగా చెమర్చే పాత సీల్‌కి కొన్నాళ్లు పనికొస్తాయేమో, గాడికీ ఒత్తిడికీ పనికిరావు, కొత్త సీల్‌కి అసలు వద్దు. చిక్కటి ఆయిల్ పోసినా చుక్కలు కాస్త తగ్గుతాయంతే, కారణం అలాగే ఉంటుంది.

ఇంకొక మాట, మీ టెన్షన్ తగ్గడానికి. పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్లో వెనక అసలు పెదవి సీలే లేదు. క్రాంక్ మీద చెక్కిన వెనకమర (మరలాంటి గాడి) ఒకటి ఆయిల్‌ని లోపలికి తిప్పి పంపేది. బండి ఆగగానే నాలుగు చుక్కలు పడేవి, అదే బండి మీద జనం లక్షల కిలోమీటర్లు తిరిగారు. కాబట్టి రోజుకి రెండు మూడు చుక్కలు పడుతున్నంత మాత్రాన బండి అమ్మేయకండి. వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటే నడుస్తుంది. కానీ ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడి పొగ వస్తున్నా, క్లచ్ జారుతున్నా, వారం తిరక్కుండా మట్టం కింది గీతకి పడిపోతున్నా ఆలస్యం చేయొద్దు. రోడ్డు మీద మన ఆయిల్ పడిన చోట వెనక వచ్చే బైకు జారుతుంది, అదీ మన బాధ్యతే.

ఈ వారం మీరు చేయాల్సింది కడిగి పౌడర్ పరీక్ష, ఆ డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, పీసీవీ వాల్వు, ట్యూబు పరీక్ష. ఐడ్లింగ్‌లో నీళ్లు ఎటువైపు ఎన్ని అంగుళాలు కదిలాయి, 3000 దగ్గర ఎటు కదిలాయి, అట్టముక్క మీద మరకల ఫోటోలు రెండూ పంపండి. బండికి గ్యాస్ కిట్ ఉందో లేదో కూడా రాయండి, అది మీరు చెప్పలేదు. అవి చూశాక గేర్‌బాక్స్ దింపాలా వద్దా అన్నది చెప్తాను.